లొకేషన్ కాదు బాబూ, కేరాఫ్!

మొన్న నవంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టాను. కారణం అన్న చోట ఉన్నమాటే రాశాను - "పెళ్ళిరోజు, భీమిలి ప్రయాణం" అని. ఆ సంగతి ఎలా పొక్కిందో గానీ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసింది. "భీమిలికా? ఏముందక్కడ?" అన్నాడొక పెద్దమనిషి. మరోచరిత్ర అక్కడ తీశారు, మా ఆవిడా నేనూ ఏటా పెళ్ళిరోజుకి ఏదో ఒక సినిమా తీసిన చోటుకి వెళ్తుంటాం, ఈసారి మొదలెట్టిన చోటుకే మళ్ళీ వెళ్తున్నాం అని చెప్పాను. బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. "ఈ వయసులో ఈ సినిమా పిచ్చేంటి సార్?" అని ఓ కుర్రాడు. "ఆ డబ్బులతో గోవా పోవచ్చు కదా భయ్యా" అని ఇంకొకడు.

ఇంతకీ ముందు నవ్విన ఆ పెద్దమనిషి ఆ వేసవిలోనే పెళ్ళాం పిల్లల్తో స్విట్జర్లాండు వెళ్ళొచ్చాడు. దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే (1995) తీసిన చోట్ల దిగిన ఫోటోలు ఆఫీసంతా చూశాం, ఆహా ఓహో అన్నాం. ఇంటర్‌లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహం పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో కూడా ఉంది. అది విహారయాత్ర అట. నాది పిచ్చి అట! అదే సినిమా, అదే ప్రేమ. వీసా కొట్టించుకుని వెళ్తే యాత్ర, ఆర్టీసీ టికెట్టు కొట్టించుకుని వెళ్తే పిచ్చి అన్నమాట.

ఆ రోజు నాకు నోట మాట రాలేదు. రావాల్సిన మాటలన్నీ గోదావరి ఎక్స్‌ప్రెస్సులో పై బెర్తెక్కి పడుకున్నాక వచ్చాయి. అవే ఇవి.

ముందు మా సంగతి కాస్త చెప్పాలి. మా పెళ్ళి 2005 నవంబరులో అయింది. మా నాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, మామగారు స్టీల్ ప్లాంటులో. అంటే రెండూ షిఫ్టుల కొంపలే. బీ షిఫ్టు రాత్రి పదింటికి దిగి, ఇంటికి కూడా రాకుండా సెకండ్ షోకి పోయిన మహానుభావులు ఇద్దరూ. మా ఇళ్ళల్లో ఏ సంగతైనా ఫలానా సంవత్సరంలో జరిగిందని చెప్పుకోరు, ఫలానా సినిమా జగదాంబలో ఆడినప్పుడు జరిగిందని చెప్పుకుంటారు. ఊళ్ళో పెద్ద సెంటరుకే సినిమా హాలు పేరు పెట్టుకున్న జనం మేం. మాకు సినిమా పిచ్చి అంటే కొత్తగా తిట్టినట్టు కాదు.

పెళ్ళైన వారానికే ప్రాజెక్టు రిలీజు. హనీమూనుకి టైమూ లేదు, డబ్బులూ లేవు. చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఆదివారం. ఏం చేద్దామంటే మా ఆవిడే అంది, "చిన్నప్పుడు టీవీలో మరోచరిత్ర చూశాక భీమిలి తీసుకెళ్ళమని నాన్నని ఎన్నిసార్లు అడిగానో. ఎప్పుడూ ఏదో ఒక షిఫ్టే. మీరు తీసుకెళ్తారా?" అని. అంతే, కాంప్లెక్సులో భీమిలి బస్సెక్కాం. అప్పట్నుంచీ అదే ఆనవాయితీ. ముందు రోజు రాత్రి ఆ సినిమా మళ్ళీ చూడాలి. తెల్లారి ఆ ఊరెళ్ళాలి. అక్కడ దొరికిందే తినాలి. ఆ ఊరి మనిషి ఒక్కరితోనైనా నాలుగు మాటలు మాట్లాడకుండా ఫోటో తియ్యకూడదు. ఈ ఆఖరి రూలు మా ఆవిడది. ఎందుకు పెట్టిందో తర్వాత చెప్తాను.

మరోచరిత్ర గురించి ఈ కాలం కుర్రాళ్ళకి తెలీకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు. 1978లో బాలచందర్ తీశాడు. కమల్ హాసన్, సరిత. రంగుల సినిమాలు వచ్చేసిన రోజుల్లో కావాలని నలుపు తెలుపుల్లో తీశాడు. కథంతా విశాఖపట్నం, భీమిలి సముద్రం ఒడ్డునే. తమిళనాడులో డబ్బింగు కూడా చెయ్యకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. దాన్నే ఆయన 1981లో ఏక్ దూజే కే లియే పేరుతో హిందీలో తీశాడు, కథని గోవాకి మార్చి.

ఇప్పుడు గోవా వెళ్ళమని సలహా ఇచ్చిన కుర్రాడికి ఒక మాట. గోవాలో దోనా పౌలా అని ఓ రేవుంది. టాక్సీ వాడు అక్కడ దింపగానే మొట్టమొదట చెప్పే మాట ఏంటో తెలుసా? "ఏక్ దూజే కే లియే షూటింగు ఇక్కడే సార్" అని. సినిమా వచ్చి నలభై ఏళ్ళు దాటినా ఆ ఒక్క మాట మీద అక్కడ టోపీలు, గవ్వల దండలు అమ్ముడవుతున్నాయి. రీమేకుకి గోవాలో అంత మర్యాద! మరి అసలు సినిమాకి మన భీమిలిలో? ఈ ఇరవై ఏళ్ళలో నాలుగుసార్లు వెళ్ళాను. నా కంట ఒక్క బోర్డు కూడా పడలేదు. సినిమావాళ్ళైనా తక్కువ తిన్నారా? అదే మరోచరిత్రని 2010లో మళ్ళీ తీసినప్పుడు కథని అమెరికా పట్టుకుపోయారు.

ఇంకా నయం, మన ఊళ్ళో సినిమా పేరు పెట్టిన చోటు ఒకటుంది. కైలాసగిరి మీద. దాని పేరు టైటానిక్ వ్యూ పాయింటు! జంటలు అక్కడికెళ్ళి చేతులు బార్లా చాపి నిలబడి ఫోటోలు తీయించుకుంటారు. మేమూ ఓసారి నిలబడ్డాం, కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. స్వతంత్రం వచ్చాక దేశంలో కట్టిన తొలి ఓడ జలఉష. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి దాన్ని ఇక్కడే, మన సింధియా షిప్‌యార్డులోంచి నీళ్ళలోకి వదిలాడు. ఓడలు కట్టిన ఊరు. ఆ ఊళ్ళో కొండ మీద ఎక్కడో అట్లాంటిక్ మహాసముద్రంలో మునిగిపోయిన ఓడ పేరు పెట్టుకున్నాం. దిగువన అదే ఒడ్డున తీసిన మన సినిమాకి మాత్రం దిక్కు లేదు. నాకు కాలేది ఇక్కడే.

"అయితే ఏంటి? సినిమా అంటేనే అబద్ధం. అబద్ధం తీసిన చోటుకి బోర్డు పెట్టకపోతే కొంపలేం మునిగిపోతాయి?" అని అడగొచ్చు. అడిగారు కూడా. కొంపలు మునగడం గురించే చెప్తాను.

2006లో శేఖర్ కమ్ముల గోదావరి వచ్చింది. ఆ ఏడు మా మొదటి పెళ్ళిరోజుకి పాపికొండలు వెళ్ళాం. అంతకు ముందు 1973లో బాపు అందాల రాముడు కూడా ఆ నది మీదే, పడవలోనే. రెండు సినిమాలూ చూసేసి పడవెక్కాం. ఒడ్డున ఊళ్ళు వెనక్కి పోతుంటే నేను ఇక్కడ ఫలానా సీను, అక్కడ ఫలానా పాట అని లెక్కలేస్తున్నాను. మా ఆవిడ మాత్రం వంట చేస్తున్న ముసలావిడ పక్కన కూర్చుని ఊరి సంగతులు అడుగుతోంది. పోలవరం కడితే తమ ఊరు మునుగుతుందని ఆవిడ చెప్పిందట. రాత్రి మా ఆవిడ నాతో ఒక మాట అంది: "మేం పెరిగిన క్వార్టర్ల కింద కూడా ఎవరివో ఊళ్ళున్నాయండీ. స్టీల్ ప్లాంటు కోసం ఇచ్చేశారు. వాళ్ళ ఊరిని ఏ సినిమాలోనూ తియ్యలేదు. ఎలా ఉండేదో చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు."

ఆవిడ చెప్పినట్టే అయింది. దేవీపట్నం వైపు ఊళ్ళు వరదల్లో మళ్ళీ మళ్ళీ మునిగాయి, జనం ఇళ్ళు వదిలి పోయారు. ఇప్పుడు ఆ ఒడ్డు అప్పట్లో ఎలా ఉండేదో చూడాలంటే ఉన్న దారుల్లో ఒకటి - ఆ సినిమాలు పెట్టుకుని, హీరో హీరోయిన్ల భుజాల మీదుగా వెనక్కి చూడ్డమే. కథ అబద్ధమే. కథ వెనకాల కనబడే గట్టు, గుడి మెట్లు, బట్టలుతుకుతున్న మనిషి అబద్ధం కాదు. మరోచరిత్ర కూడా అంతే. రోడ్లూ, హోటళ్ళూ, గోడలూ లేని ఆ ఒడ్డుని మా అమ్మాయికి నేను మాటల్లో చెప్పలేను. ఆ సినిమా చూపిస్తుంది. పేదవాడి ఇంట్లో ఫోటో ఆల్బం ఉండదు. మన ఊళ్ళన్నిటికీ సినిమాయే ఆల్బం. ఆ ఆల్బంలో ఏ ఫోటో ఎక్కడిదో వెనకాల రాసి పెట్టుకోమంటున్నాను, అంతే!

అసలు మొత్తం గొడవంతా "లొకేషన్" అనే మాటలో ఉంది. లొకేషన్ అంటే వెనకాల అందంగా కనబడాల్సినది. దానికి పేరక్కర్లేదు, మనుషులక్కర్లేదు. నాటు నాటు పాట కీవ్‌లో, ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు 2021లో తీశారు. మనకి అది భలే లొకేషన్. కొద్ది నెలలకే 2022 ఫిబ్రవరిలో అదే ఊరి మీద బాంబులు పడ్డాయి. అప్పుడు గానీ అది ఒక ఊరని మనకి తట్టలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది పోయారు. అప్పటిదాకా గోదావరి కూడా మనకి పాట వెనకాల పారే నీళ్ళే. సుడిగుండాలున్న నది అని ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలుసు.

సరిగ్గా తీసిన సినిమా ఒకటి చెప్పనా? కేరాఫ్ కంచరపాలెం. 2018 సెప్టెంబరులో వచ్చింది. వెంకటేష్ మహా తీశాడు. తెర మీద ఉన్నవాళ్ళలో చాలామంది ఆ పేటలో ఉండేవాళ్ళే, అంతకు ముందు కెమెరా ముందు నిలబడని వాళ్ళే. ఆ ఏడు పెళ్ళిరోజుకి మేం కంచరపాలెం వెళ్ళాం. అప్పటిదాకా నాకు కంచరపాలెం అంటే రైల్వే గేటూ, ట్రాఫిక్కూ. ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ పేట సందుల్లో నేను నడిచింది అదే మొదటిసారి! సినిమా పేరులోనే ఉంది చూడండి అసలు కిటుకు. కేరాఫ్. అంటే ఫలానా వాళ్ళ ద్వారా, ఫలానా చిరునామాలో. లొకేషన్ అంటే మనం వాడుకుని వదిలేసేది. కేరాఫ్ అంటే ఉత్తరం వస్తే తీసుకునే మనిషి ఉన్న ఇల్లు.

ఇదంతా విని చప్పట్లు కొట్టకండి. మా ఇంట్లోనే దీనికి ప్రతిపక్షం ఉంది. మా ఆవిడకి బోర్డులంటే ఇష్టం లేదు. "బోర్డు పెడితే జనం వస్తారు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఎర్రమట్టి దిబ్బలు చూశారుగా" అంటుంది.

చూశాను. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళ నాడు సముద్రం, గాలి, వాన కలిసి పోసిన ఇసుక గుట్టలు. ఇలాంటివి దక్షిణాసియాలో ఇక్కడా, తమిళనాడులో, శ్రీలంకలో తప్ప లేవంటారు. జియోలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఇన్నేళ్ళుగా పాటలూ ఫైటింగులూ తీయని యూనిట్టు లేదు. ఇప్పుడు వాళ్ళకి తోడు పెళ్ళికి ముందు ఫోటో షూట్లు. మేం వెళ్ళిన రోజు ఒక జంట, వాళ్ళ వెంట పదిమంది, డ్రోను, రంగుల పొగ డబ్బాలు, నేల మీద ఈడ్చుకుంటూ ఆరు గజాల గౌను. అంచు మీద నిలబడి దూకమంటున్నాడు ఫోటోగ్రాఫరు. దూకినప్పుడల్లా ఇంత మట్టి జారి కింద పడుతోంది. వాళ్ళు వెళ్ళాక చూస్తే పొగ డబ్బాలు, బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్కు పూలు. 2024లో అయితే ఏకంగా యంత్రాలు పెట్టి అక్కడి దిబ్బలు చదును చేస్తున్నారని పెద్ద గొడవే అయింది.

ఆ జంటని తిట్టడానికి నోరు తెరిచాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి మూసేశాను. ఎందుకంటే...

2005లో, ఆ మొదటి ఆదివారం, భీమిలి ఒడ్డున ఓ పాత గోడ మీద ఇంటి తాళంచెవితో మా ఇద్దరి పేర్లూ గీకాను. సినిమా చూసి వచ్చిన ఊపు. చుట్టూ అప్పటికే వందల పేర్లున్నాయి, మనదొకటి ఎక్కువైతే ఏం అనుకున్నాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి "ఏటి బాబూ, మీ ఇంటి గోడైతే గీకుతారేటి?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మా ఆవిడ ఆయనకి సారీ చెప్పి, ఆయన పక్కనే అరగంట కూర్చుంది. ఆ షూటింగు రోజుల్లో ఆయన కుర్రాడట. చూడ్డానికి పోయి పని ఎగ్గొట్టినందుకు వాళ్ళమ్మ చేతిలో దెబ్బలు తిన్నాడట. ఏ రోజు ఎక్కడ కెమెరా పెట్టారో, జనాన్ని ఎలా తోసేశారో అన్నీ చెప్పాడు. నేను సిగ్గుతో సగమే విన్నాను. తిరుగు బస్సులో మా ఆవిడ మధురవాడ దాటేదాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాటే ఆ రూలు: ముందు మనిషితో మాట్లాడు, తర్వాత ఫోటో.

మొన్న మా అమ్మాయి ఆ గోడ మీద పేర్లు చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది. "నాన్నా, ఇది నువ్వేనా?" అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు గానీ ఆ పేర్ల మీద వేలితో రెండుసార్లు రుద్దింది. అది పోదు.

కాబట్టి మా ఆవిడ భయం నిజమే. ప్రపంచంలో కూడా జరిగింది. ది బీచ్ (2000) సినిమా తీశాక థాయిలాండులో మాయా బే అనే చోటుకి జనం ఎగబడి పగడపు దిబ్బలు పాడై, 2018లో మొత్తానికే మూసేశారు. ఇక్కడ కూడా హీరో టైటానిక్ బాబే! కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2022లో మళ్ళీ తెరిచారు - పడవలు లోపలికి రాకుండా, మనుషుల లెక్క పెట్టి. స్విట్జర్లాండులో ఇసెల్ట్‌వాల్డ్ అని ఒక చిన్న పల్లె. క్రాష్ లాండింగ్ ఆన్ యూ అనే కొరియా సీరియల్లో ఆ ఊరి చెరువు గట్టు కనబడేసరికి జనం మీదపడ్డారు. ఊరివాళ్ళు ఏడవలేదు. 2023 నుంచి ఆ గట్టెక్కాలంటే 5 ఫ్రాంకులు కట్టమని గేటు పెట్టారు. మన పెద్దమనిషి అక్కడ ఆ 5 ఫ్రాంకులు కిక్కురుమనకుండా కట్టి ఉంటాడు. భీమిలిలో పార్కింగుకి ఇరవై రూపాయలంటే గొడవ పెట్టుకునేది కూడా ఆయనే!

అంటే చెడింది జనం రావడం వల్ల కాదు. ఊరివాళ్ళకి మాట లేకపోవడం వల్ల. బోర్డు లేదని భీమిలి గోడ మీద పేర్లు గీకడం ఆగిందా? దిబ్బల మీద దూకడం ఆగిందా? పేరు లేని చోటుని కాపాడమని ఎవరూ అడగరు. పేరున్న చోటుని కనీసం అడగడానికి ఒక నోరుంటుంది.

నేను అడిగేది పెద్ద చిట్టా కాదు. పర్యాటక శాఖ వారికి: విగ్రహాలొద్దు, లైట్లొద్దు. ఊరి పేరు, సినిమా పేరు, సంవత్సరం, దర్శకుడి పేరు ఉన్న రాతి పలక ఒక్కటి. ఆ చోటు చెడిపోయేదైతే గేటు, రోజుకింతమందే అని లెక్క, వచ్చిన డబ్బు ఆ ఊరికే. దిబ్బల మీద షూటింగు సినిమాదైనా, పెళ్ళిదైనా బందు. సినిమావాళ్ళకి: టైటిల్సులో మంత్రిగారికీ హోటలు వారికీ కృతజ్ఞతలు వేస్తున్నారు కదా, ఆ పక్కనే తీసిన ఊరి పేరు కూడా వెయ్యండి. ఖర్చు ఒక్క లైను.

ఇక మనకి, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి. మన దగ్గర డబ్బుంది, సెలవులున్నాయి, రాయడం వచ్చు. 1978లో ఆ షూటింగు చూసిన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డారు. వాళ్ళు చెప్పేది మనం వింటే ఉంటుంది, లేకపోతే పోతుంది. బాకప్ లేని సర్వరు పడిపోతే మనం రాత్రంతా మేలుకుంటాం కదా. ఇది అంతకంటే తక్కువా? మీ జంట స్విట్జర్లాండు వెళ్ళండి, ఎవరొద్దన్నారు! కానీ ఏడాదికి ఒక్క ఆదివారం మీ ఊళ్ళో తీసిన సినిమా పట్టుకుని ఆ వీధికి వెళ్ళండి. ఫోను జేబులోనే ఉంచి ముందు అక్కడి మనిషిని పలకరించండి.

మొన్న భీమిలిలో నేను ఆ వల పెద్దాయన కోసం వెతికాను. ఇరవై ఏళ్ళ కింద సిగ్గుతో సగమే విన్నాను కదా, మిగతా సగం విందామని, ఈసారి ఫోనులో రికార్డు చేద్దామని. టీ కొట్టు దగ్గర అడిగితే, "ఆయన పోయి రెండేళ్ళయింది బాబూ" అన్నారు. ఆయనకి తెలిసిన సగం ఆయనతోనే పోయింది. నేను గీకిన పేరు మాత్రం గోడ మీద భద్రంగా ఉంది.

భీమిలిలో ఏముందని అడిగారు కదా. మిగిలింది ఇంకా కొంత ఉంది. తొందరగా వెళ్ళండి.